‘సూపర్ బ్రో’కీ ‘ఫోన్ మార్చు బ్రో’కీ మధ్యలో: ఫొటో మీద పనికొచ్చే ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం, తీసుకోవడం ఎలా?

ఫోన్‌తో తీసిన ఒక ఫొటోని పదిమందికి పంపి చూడండి. ఏం జవాబులు వస్తాయో ముందే చెప్పేయొచ్చు. ఆరుగురు ఫైర్ ఎమోజీ పెడతారు. ఇద్దరు ‘సూపర్ బ్రో’ అంటారు. ఒకరు ‘ఏ ఫోన్?’ అని అడుగుతారు. మిగిలిన ఒక్కరూ ‘ఫోన్ మార్చెయ్’ అని సలహా పడేస్తారు. పది జవాబులు వచ్చాయి గానీ, రేపు తీయబోయే ఫొటో ఇంకాస్త బాగా రావాలంటే ఏం చెయ్యాలో ఒక్కటీ చెప్పలేదు.

గ్యాడ్జెట్లంటే ఇష్టపడే మనలాంటివాళ్లలో ఈ జబ్బు ఇంకొంచెం ఎక్కువ. సెన్సర్ సైజు, ఎపర్చర్, మెగాపిక్సెల్ లెక్కలు మనకి నోటికి వచ్చు. అందుకే ఫొటో చూడగానే ఫోన్ గురించి మాట్లాడతాం, ఫొటో గురించి మాట్లాడం. దీనివల్ల నష్టం లేదనుకోకండి. ఒకడు అక్కర్లేని ఈఎంఐలోకి దిగుతాడు. ఇంకొకరు ‘నాకు రాదులే’ అనుకుని ఫొటోలు తీయడమే మానేస్తారు. ఈ రెండూ నేను దగ్గర్నుంచి చూశాను. అందుకే ఈసారి రివ్యూ ఏ ఫోన్ మీదా కాదు. మనం ఫొటోల గురించి మాట్లాడుకునే పద్ధతి మీద.

కోడ్ రివ్యూ నేర్పిన పాఠం

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా టీమ్‌లో ఎవరు రాసిన కోడ్ అయినా ఇంకొకరు చూసి ఓకే అంటేనే లోపలికి వెళ్తుంది. దీన్నే కోడ్ రివ్యూ అంటాం. బీటెక్‌లో నాలుగేళ్లు ఎవరూ నేర్పని ఒక పని ఇక్కడ రోజూ చెయ్యాలి: పక్కవాడి పనిలో లోపం చెప్పాలి, వాడు నొచ్చుకోకూడదు, లోపం మాత్రం సరి కావాలి.

దీనికి మా ఫీల్డ్‌లో కొన్ని పద్ధతులు స్థిరపడ్డాయి. గూగుల్ తన ఇంజినీర్ల కోసం రాసుకుని అందరికీ అందుబాటులో పెట్టిన గైడ్‌లో కూడా ఇవి కనిపిస్తాయి. మొదటిది, మాట కోడ్ మీద ఉండాలి, రాసిన మనిషి మీద కాదు. ‘నువ్వు ఇలా ఎందుకు చేశావ్?’ అనకుండా ‘ఈ లైన్ వల్ల ఫలానా ఇబ్బంది వస్తోంది’ అనాలి. రెండోది, చిన్న విషయం అయితే ముందు ‘నిట్’ అని రాస్తాం. అంటే ‘ఇది చిన్నదే, మార్చకపోయినా పర్లేదు’ అని అర్థం. మూడోది, కారణం చెప్పాలి. కారణం లేని కామెంట్ ఆర్డర్‌లా వినిపిస్తుంది.

ఈ మూడింటినీ ఫొటోకి పెట్టి చూడండి. ‘నీకు ఫ్రేమింగ్ రాదు’ అనేది మనిషి మీద మాట. ‘కుడి అంచులో సగం తెగిన బైక్ ఉంది, నా చూపు అటే పోతోంది’ అనేది ఫొటో మీద మాట, అందులోనే కారణమూ ఉంది. రెండో మాట విన్నవాళ్లకి తర్వాతిసారి క్లిక్ చేసే ముందు అంచులు ఒకసారి చూసుకోవాలని తెలుస్తుంది. మొదటి మాట విన్నవాళ్లకి తెలిసేది తమకి రాదని మాత్రమే.

ముప్పై ఆరు వేల సలహా

మా బాబాయ్ కొడుకు డిగ్రీ సెకండ్ ఇయర్. వాళ్ల చెల్లి స్కూల్ యాన్యువల్ డేలో డాన్స్ చేస్తే స్టేజ్ ముందు కూర్చుని అరవై ఫొటోలు తీశాడు. అన్నీ చెదిరిపోయాయి. ఫ్రెండ్స్‌కి చూపిస్తే అందరిదీ ఒకటే మాట, ‘నీ ఫోన్ వేస్ట్ రా, మార్చెయ్’ అని. నాకు ఫోన్ చేసేసరికి నెలకి మూడు వేల చొప్పున పన్నెండు నెలల ఈఎంఐ ప్లాన్ కూడా చూసి పెట్టుకున్నాడు.

“అన్నా, ముప్పై ఆరు వేలల్లో మంచి కెమెరా ఫోన్ చెప్పు.”

“చెప్తా గానీ, ముందు ఆ ఫొటోలు డాక్యుమెంట్‌గా పంపరా.”

ఫొటో తెరిచి వివరాలు చూశాను. షట్టర్ స్పీడ్ 1/15, ఐఎస్ఓ 400. స్టేజ్ వెనక బ్యానర్ మీద అక్షరాలు చక్కగా చదవగలిగేలా ఉన్నాయి. పిల్లల చేతులు, ముఖాలు మాత్రమే చెదిరాయి. అంటే వీడి చెయ్యి కదల్లేదు, ఫోకస్ తప్పలేదు. సెకనులో పదిహేనో వంతు సేపు షట్టర్ తెరిచి ఉంటే డాన్స్ చేసే పిల్లలు ఆ కాసేపట్లోనే కదిలిపోతారు. వెలుతురు తక్కువని ఫోన్ ఆటో మోడ్‌లో ఆ నిర్ణయం తనే తీసుకుంది.

“ప్రో మోడ్‌లో షట్టర్ 1/125 పెట్టు, ఐఎస్ఓ 3200కి వెళ్లనివ్వు. నలతలు వస్తాయి, పర్లేదు. డాన్స్‌లో ఒక స్టెప్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే ముందు క్షణం ఆగుతారు చూడు, అప్పుడు నొక్కు.”

లెక్క ఏంటంటే, 1/15 నుంచి 1/125కి వెళ్తే సెన్సర్ మీద పడే వెలుతురు సుమారు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి ఐఎస్ఓ ఎనిమిది రెట్లు పెంచాలి. 400 ఎనిమిది రెట్లు అయితే 3200. ఫొటో భాషలో మూడు స్టాప్‌లు. నాయిస్ కచ్చితంగా పెరుగుతుంది. కానీ నాయిస్ ఉన్న నవ్వుముఖం పనికొస్తుంది, చెదిరిన ముఖం పనికిరాదు.

తర్వాత కాలనీలో వినాయక చవితి ప్రోగ్రామ్‌లో వాడు మళ్లీ తీశాడు. ఇరవై ఫొటోల్లో ఆరు నిలబడ్డాయి. వాటిలో గింజలు గింజలుగా నాయిస్ ఉంది, అబద్ధం చెప్పను. పెద్ద సెన్సర్ ఉన్న ఫోన్ అయితే అది తగ్గేది కూడా. కానీ ఆ కొత్త ఫోన్‌ని ఆటోలోనే వదిలేస్తే, తక్కువ వెలుతురులో అదీ ఇలాగే నెమ్మది షట్టర్‌ని ఎంచుకోవచ్చు. ఈ విషయం తెలిశాక కొనడం వేరు, తెలియకుండా కొనడం వేరు. వాడు ప్రస్తుతానికి కొనలేదు.

బ్లర్ అనే ఒక్క మాటలో ఐదు జబ్బులు

‘క్లారిటీ లేదు’ అనేది మనం తరచూ ఇచ్చే ఫీడ్‌బ్యాక్. డాక్టర్ దగ్గరికెళ్లి ‘ఒంట్లో బాలేదు’ అన్నట్టే ఇది. ఎక్కడ, ఎలా అన్నది చెప్తేనే మందు. ఫొటోని జూమ్ చేసి ఈ ఐదింట్లో ఏదో గుర్తుపట్టండి.

ఒకటి: ఫ్రేమ్‌లో ప్రతి వస్తువూ ఒకే దిశలో చెదిరి ఉంటే, చెయ్యి కదిలింది. రెండు చేతులతో పట్టుకోవడం, మోచేతులు ఒంటికి ఆనించడం, గోడకి ఆనుకోవడం, లేదా 3 సెకన్ల టైమర్ పెట్టడం చాలు.

రెండు: కదలని వస్తువులు బాగుండి మనిషి మాత్రమే చెదిరితే, మనిషి కదిలాడు. షట్టర్ స్పీడ్ పెంచాలి, లేదా వెలుతురు ఉన్న చోటికి తీసుకురావాలి.

మూడు: ముఖం మసకగా ఉండి వెనక చెట్టో ముందున్న గ్లాసో స్పష్టంగా ఉంటే, ఫోకస్ తప్పింది. కావాల్సిన చోట స్క్రీన్ మీద ట్యాప్ చెయ్యాలి. మరీ దగ్గరికి వెళ్తే మెయిన్ కెమెరాకి ఫోకస్ అందదు. ఒక అడుగు వెనక్కి వచ్చి 2ఎక్స్ వాడితే సరిపోతుంది.

నాలుగు: లైట్ల చుట్టూ పొగమంచులాంటి వెలుగు, గీతలు ఉంటే, లెన్స్ మీద వేలిముద్రలు, జిడ్డు. కాటన్ గుడ్డతో తుడవండి. ఖర్చు సున్నా.

ఐదు: జూమ్ చేస్తే జుట్టు, గడ్డి, చీర నేత అన్నీ నీళ్లరంగులతో వేసినట్టు అలుక్కుపోయి కనిపిస్తే, తక్కువ వెలుతురులో వచ్చిన నాయిస్‌ని ఫోన్ గట్టిగా తుడిచేసింది, లేదా మీరు డిజిటల్ జూమ్ బాగా లాగారు.

ఈ ఐదింట్లో సెన్సర్ సైజు గురించి గట్టిగా మాట్లాడాల్సింది ఐదోదానికి. రెండోదానికి కొంతవరకు. మిగిలిన మూడింటికి ఫోన్ మార్చమని చెప్పడం, లైట్ స్విచ్ వెయ్యకుండా బల్బ్ మార్చమన్నట్టే.

చెప్పే ముందు మీ స్క్రీన్ చూసుకోండి

గ్యాడ్జెట్ మనుషులుగా మనం మర్చిపోకూడని విషయం ఒకటుంది. మీరు చూసేది ఫొటోని కాదు, మీ డిస్‌ప్లే చూపించే ఫొటోని. రాత్రి పదింటికి కళ్లకి హాయిగా ఉండే మోడ్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ పసుపుపచ్చగా మారుతుంది. అప్పుడు ‘వైట్ బ్యాలెన్స్ వార్మ్‌గా ఉంది’ అంటే తప్పు మీ సెట్టింగ్‌ది. డిస్‌ప్లే వివిడ్ మోడ్‌లో ఉంటే రంగులు ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తాయి. బ్రైట్‌నెస్ తగ్గించి చూస్తూ ‘డార్క్‌గా ఉంది’ అనడం కూడా ఇంతే.

ఇంకోటి, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది, కంప్రెస్ అవుతుంది, షట్టర్ స్పీడ్ లాంటి వివరాలుండే ఎక్సిఫ్ సమాచారం పోతుంది. అలా వచ్చిన ఫొటోని జూమ్ చేసి ‘డీటెయిల్ లేదు’ అని తీర్పు చెప్పకండి. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఒక జాగ్రత్త: ఒరిజినల్ ఫైల్‌లో లొకేషన్ కూడా ఉండొచ్చు. ఇంట్లో తీసినవి పరిచయం లేనివాళ్లకి పంపేటప్పుడు లొకేషన్ తీసేసి పంపండి.

అడగడం కూడా ఒక పనే

‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది. తప్పు చెప్పినవాళ్లది కాదు, ప్రశ్నది. మా దగ్గర ‘యాప్ పని చేయట్లేదు’ అని బగ్ రిపోర్ట్ వస్తే ఎవరూ ముట్టుకోరు. ఏం చేద్దామనుకున్నారు, ఏం జరిగింది, ఎక్కడ ఆగింది అని రాస్తే పది నిమిషాల్లో దొరుకుతుంది.

ఫొటో పంపేటప్పుడు మూడు ముక్కలు రాయండి. ఏం చూపించాలనుకున్నారు, ఎలా తీశారు, ఏ విషయంలో అనుమానం ఉంది. ఉదాహరణకి: ‘లంబసింగిలో పొద్దున్నే మంచు ఎంత దట్టంగా ఉందో చూపిద్దామని తీశా. మెయిన్ కెమెరా, ఆటో మోడ్. అక్కడ కళ్లతో చూసిన మంచు ఫొటోలో పలచగా కనిపిస్తోంది, ఎందుకు?’ ఇలా అడిగితే తెలిసినవాళ్లు సరిగ్గా జవాబు చెప్పగలరు. ఫోన్ తనంతట తాను కాంట్రాస్ట్ పెంచి మంచుని ‘శుభ్రం’ చేసి ఉండొచ్చు. దూరం తెలియడానికి ముందు ఒక చెట్టో మనిషో ఉంటే మంచు లోతు కనిపించేది.

ఇంకా ఒక్కటే ఫొటో పంపండి, మహా అయితే రెండు. నలభై పంపి ‘ఏది బాగుందో చెప్పండి’ అంటే మీ ఎడిటింగ్ పని పక్కవాళ్ల నెత్తిన పెట్టినట్టు. ఎంచుకోవడం కూడా ఫొటోగ్రఫీలో భాగమే.

చూడటానికి ఐదు కిటికీలు

‘బాగుంది గానీ ఏదో మిస్ అయింది’ అనిపిస్తుంది, ఏదో చెప్పలేం. దీనికి పనికొచ్చే జాబితా ఒకటి అరవై ఏళ్ల క్రితమే ఉంది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఫొటోగ్రఫీ విభాగాన్ని 1962 నుంచి 1991 దాకా నడిపిన జాన్ జార్కౌస్కీ, 1964లో ఒక ఎగ్జిబిషన్, 1966లో ‘ది ఫొటోగ్రాఫర్స్ ఐ’ అనే పుస్తకం తెచ్చాడు. ఫొటోని ఐదు వైపుల నుంచి చూడొచ్చని అందులో చూపించాడు: అసలు వస్తువు, వివరం, ఫ్రేమ్, సమయం, నిలబడ్డ చోటు.

వీటిని నేను ప్రశ్నలుగా మార్చుకుని వాడతాను. ఇది దేని గురించి తీసిన ఫొటో? కథంతా చెప్పేసే చిన్న వివరం ఏదైనా ఉందా? అంచుల్లో ఏం ఉంది, ఏం తెగింది? ఈ క్షణానికి ముందో తర్వాతో నొక్కి ఉంటే? ఇంకో చోట నిలబడి ఉంటే?

చార్మినార్ ఫొటో తీసుకోండి. దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే మీనార్లు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలిపోతున్నట్టు కనిపిస్తాయి. 1591 నుంచి నిటారుగా నిలబడ్డ కట్టడం మన ఫ్రేమ్‌లో వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది. ‘ఏదో తేడాగా ఉంది’ అనేవాళ్లు ఇదే చూస్తున్నారు. జవాబు ఐదో ప్రశ్నలో ఉంది. వెనక్కి నడిచి, ఫోన్‌ని నిటారుగా పట్టుకుని తీస్తే మీనార్లు నిలబడతాయి. కింద రోడ్డు ఎక్కువగా వస్తే తర్వాత క్రాప్ చేసుకోవచ్చు.

ఒక ఫొటో, ఒక సంభాషణ

మా టీమ్‌లో ఒకమ్మాయి లాడ్ బజార్‌లో రాత్రిపూట ఒక ఫొటో తీసింది. లక్క గాజులకి రాళ్లు అద్దుతున్న పెద్దాయన, వెనక గోడంతా గాజులు, పైన ట్యూబ్‌లైట్. ఇంతకుముందు ఇంకెవరో దీన్ని చూసి ‘చాలా గజిబిజిగా ఉంది, మినిమల్‌గా తీయాలి’ అన్నారట. ఆ మాట తర్వాత రెండు నెలలు ఏమీ తీయలేదని చెప్పింది. లంచ్‌లో నాకు చూపించింది.

నేను మొదట చెప్పింది అభిప్రాయం కాదు, నా చూపు ప్రయాణం. “ముందు ఎడమవైపు పైనున్న ట్యూబ్‌లైట్ మీదకి వెళ్లింది. అక్కడ్నుంచి గాజుల మీదకి. ఆయన చేతులు చివర్లో కనబడ్డాయి.”

“అయ్యో, నేను తీసిందే ఆయన చేతుల కోసం అండీ. అంత చిన్న రాయిని అంత వేగంగా అద్దుతున్నారు.”

ఇప్పుడు మాట్లాడుకోవడానికి దారి దొరికింది. ఆమె అనుకున్నది ఒకటి, ఫొటోలో మొదట కనిపిస్తున్నది ఇంకోటి. మధ్యలో ఉన్న అడ్డం ట్యూబ్‌లైట్. కాబట్టి సలహా కూడా చిన్నదే: రెండడుగులు ముందుకెళ్లి లైట్‌ని ఫ్రేమ్ బయటకి తొయ్యండి, చేతుల మీద ట్యాప్ చేసి ఎక్స్‌పోజర్ కాస్త కిందికి జరపండి. ట్యూబ్‌లైట్ దగ్గర పూర్తిగా తెల్లబారిన చోట వివరం తర్వాత ఎడిటింగ్‌లో తిరిగి రాదు. కొంచెం చీకటైన చోటుని మాత్రం లేపొచ్చు.

ఆమె మళ్లీ వెళ్లింది. ఈసారి పెద్దాయన్ని అడిగి, పక్కన కూర్చుని తీసింది. ట్యూబ్‌లైట్ పోయింది, చేతులు నిలిచాయి. కానీ నేను చెప్పినంత దగ్గరికి వెళ్లలేదు. “మరీ దగ్గరికెళ్తే వెనక గాజుల గోడ పోతోందండీ. అది లేకపోతే ఇది లాడ్ బజార్ అని ఎలా తెలుస్తుంది?” అంది. ఆమె మాటే కరెక్ట్. సలహాలో సగం తీసుకుంది, సగం వదిలేసింది. మంచి ఫీడ్‌బ్యాక్‌కి గుర్తు ఇదే. విన్నవాళ్లు మన ఫొటో తీయరు, వాళ్ల ఫొటోనే ఇంకా బాగా తీస్తారు.

ఇలాంటి సంభాషణకి పేరున్న ఒక పద్ధతి కూడా ఉంది. అమెరికన్ కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లో ‘క్రిటికల్ రెస్పాన్స్ ప్రాసెస్’ అని నాలుగు మెట్లు తయారు చేసింది. మొదట, చూసినవాళ్లు తమని ఏది ఆకట్టుకుందో చెప్తారు. తర్వాత, చేసినవాళ్లు తమ అనుమానాలు అడుగుతారు. మూడోది, చూసినవాళ్లు తీర్పు దాచిపెట్టకుండా మామూలు ప్రశ్నలు అడుగుతారు. చివర్లో, ‘వెలుతురు గురించి నాదొక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?’ అని అనుమతి అడిగి చెప్తారు. డాన్స్ కోసం పుట్టిన పద్ధతి, ఫొటోకీ చక్కగా అతుకుతుంది. ‘ఇంత చీకటిగా ఎందుకు తీశావ్?’ అన్నది ప్రశ్న వేషంలో ఉన్న తిట్టు. ‘వెలుతురు ఎలా ఉండాలనుకున్నావ్?’ అన్నది నిజమైన ప్రశ్న.

‘నల్లగా వచ్చింది’ అనే ముందు

మన దగ్గర బాగా వినిపించే ఒక మాట గురించి విడిగా చెప్పాలి. మనుషుల ఫొటో చూసి ‘నల్లగా వచ్చావ్’ అనడం. ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ముఖం మీద వెలుతురు చాలకపోవడం ఫొటోలో లోపం. ఒంటి రంగు లోపం కాదు. కిటికీ వెనక ఉంటే ముఖం చీకటి అవుతుంది. అప్పుడు చెప్పాల్సింది ‘కిటికీ వైపు తిరిగి నిలబడితే ముఖం మీద వెలుగు పడేది’ అని.

కెమెరాలు కూడా ఈ విషయంలో అంత అమాయకం కాదు. ముదురు రంగు చర్మాన్ని సరిగ్గా చూపించలేకపోవడం ఫొటోగ్రఫీలో పాత సమస్య. గూగుల్ 2021లో పిక్సెల్ 6తో ‘రియల్ టోన్’ తెచ్చింది కూడా అందుకే. చాలా ఫోన్లలో బ్యూటీ ఎఫెక్ట్ ముందే ఆన్ అయి ఉంటుంది, ముఖాన్ని తెల్లగా, నున్నగా చేసేస్తుంది. కాబట్టి పోర్ట్రెయిట్ మీద పనికొచ్చే మాట ‘బ్యూటీ ఆఫ్ చేసి మళ్లీ తియ్యి, చర్మం సహజంగా వస్తుంది’ అనేది. ఫొటోలో ఉన్న మనిషి రూపం మీద, బట్టల మీద, బరువు మీద మాట్లాడటం ఫీడ్‌బ్యాక్ కిందకి రాదు.

ఫీడ్‌బ్యాక్ అక్కర్లేని ఫొటోలు

మా ఊళ్లో పక్కింటి అత్తయ్య దగ్గర మామయ్యది ఒకే ఒక్క మంచి ఫొటో ఉంది. పాత రెండు మెగాపిక్సెల్ ఫోన్‌తో తీసింది. ఆయన పోయాక దాన్ని ఫ్రేమ్ కట్టిద్దామని మనవడికి ఇస్తే, వాడు ముచ్చటపడి ఒక ఏఐ యాప్‌లో వేసి తళతళలాడేలా చేశాడు. కనుబొమ్మలు వెంట్రుక వెంట్రుకా కనిపిస్తున్నాయి. అత్తయ్య చూసి, “ఈయన మీ మామయ్య కాదు నాన్నా” అంది.

ఆమె చెప్పింది సాంకేతికంగా కూడా కరెక్ట్. ఫొటోలో లేని వివరాన్ని యాప్ ఊహించి గీసింది. ఆయన కళ్లు కొంచెం వాలి ఉండేవి, యాప్ వాటిని తెరిచింది. నేను ఒరిజినల్ ఫైల్ తీసుకున్నాను. 1600 × 1200 పిక్సెళ్లు. 300 డీపీఐ లెక్కన చూస్తే సుమారు 5.3 × 4 అంగుళాలు చక్కగా ప్రింట్ అవుతుంది. పెద్దది చేయకుండా ఆ సైజులోనే వేయించి, చుట్టూ వెడల్పు మౌంట్ పెట్టించాను. గోడ మీద పోస్టర్‌లా లేదు. దగ్గరికెళ్లి చూడాలి. అత్తయ్య దగ్గరికెళ్లే చూస్తుంది.

కొన్ని ఫొటోలు బాగా రావడానికి తీసినవి కావు, ఉండటానికి తీసినవి. అలాంటిది ఎవరైనా చూపిస్తే నాయిస్ గురించి, కంపోజిషన్ గురించి మాట్లాడకండి. ఎదుటివాళ్లు ఫొటో చూపిస్తున్నారా, మనిషిని చూపిస్తున్నారా అన్నది ముందు తెలుసుకోవాలి. తెలియకపోతే ‘దీని గురించి చెప్పండి’ అనండి చాలు.

ఇక మన వంతు: తీసుకోవడం

ఇవ్వడం కంటే తీసుకోవడం కష్టం. ఎండలో గంట నిలబడి తీసిన ఫొటోని ఒకరు మూడు సెకన్లలో తీసిపారేస్తే ఒళ్లు మండటం సహజం. వెంటనే జవాబు రాయకండి. ‘అక్కడ జనం ఎక్కువ’, ‘గార్డ్ రానివ్వలేదు’ అని మనం చెప్పే కారణాలు నిజమే కావచ్చు, కానీ చూసేవాళ్లకి ఫొటోతో పాటు ఆ కారణాలు కనిపించవు.

వచ్చిన మాటల్ని నేను మూడు డబ్బాల్లో వేస్తాను. మొదటిది నిజాలు: హొరైజన్ వంగింది, ఆకాశం తెల్లబారింది. ఇవి సరిచూసుకోవచ్చు, వాదన అక్కర్లేదు. రెండోది అభిరుచులు: ‘బ్లాక్ అండ్ వైట్ అయితే బాగుండేది’, ‘రంగులు ఇంకా పెంచు’. ఇవి వినాలి, నచ్చితే ప్రయత్నించాలి, నచ్చకపోతే నవ్వి వదిలేయాలి. మూడోది ఫోన్ సలహాలు. వీటిని నెల రోజులు పక్కన పెట్టండి. అదే ఇబ్బంది నెలలో పదిసార్లు ఎదురైతే అప్పుడు అప్‌గ్రేడ్ గురించి ఆలోచించండి. ఏ ఫోన్ కొనాలో కూడా అప్పటికి మీకే తెలుస్తుంది.

ఇంకో విషయం. మా పనిలో యూజర్ చెప్పే ఇబ్బంది దాదాపు ఎప్పుడూ నిజం, యూజర్ చెప్పే పరిష్కారం చాలాసార్లు పనికిరాదు. ఫొటోలో కూడా అంతే. అమ్మ ‘ముఖం పెద్దగా తియ్యి రా’ అంటే జూమ్ చేయమని కాదు. ఆమెకి మనిషి వెంటనే దొరకట్లేదని. దగ్గరికి వెళ్లొచ్చు, వెనక గజిబిజి తీసేయొచ్చు, ముఖం మీద వెలుగు పడేలా చూడొచ్చు. ఫొటోగ్రఫీలో ఒక్క టర్మ్ కూడా తెలియని మనిషి చెప్పింది కాబట్టి కొట్టిపారేయకండి. ఇద్దరు సంబంధం లేని మనుషులు ఒకే చోట వేలు పెడితే, అక్కడ కచ్చితంగా ఏదో ఉంది.

చివరగా, ఫీడ్‌బ్యాక్ విలువ తెలిసేది రెండో ఫొటోలోనే. కుదిరితే అదే చోటికి, అదే వేళకి వెళ్లి, ఒక్క మార్పుతో మళ్లీ తీయండి. ఒకేసారి ఐదు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి సలహా ఇచ్చినవాళ్లకే పంపండి. వాళ్లకీ తమ సలహా ఎంతవరకు పనికొచ్చిందో తెలుస్తుంది.

ఈ వారం ఒక పని చేయండి. మీకు ఎవరైనా ఫొటో పంపితే, ఎమోజీ పెట్టే ముందు అర నిమిషం చూడండి. తర్వాత రెండే వాక్యాలు రాయండి: ‘నా చూపు ముందు ఫలానా చోటికి వెళ్లింది. నువ్వు చూపించాలనుకున్నది అదేనా?’ అవతలి నుంచి ‘అవును’ అని వస్తే ఫైర్ ఎమోజీ నిశ్చింతగా పెట్టేయండి. ‘కాదు’ అని వస్తే, అసలు మాట అక్కడే మొదలవుతుంది.